జియోక్యాషింగ్‌కి చేతిలో పట్టుకునే మొదటి జీపీఎస్, 200 డాలర్ల లోపు ఏది కొనాలి?

సమ్మామిష్_నాన్న
జియోక్యాషింగ్ అంటే తెలియనివాళ్లకి: ఒకరు ఎక్కడో చిన్న డబ్బా దాచి ఆ చోటి అక్షాంశ రేఖాంశాల అంకెలు నెట్‌లో పెడతారు, మిగతావాళ్లు జీపీఎస్‌తో వెతికి పట్టుకుంటారు. పోయిన శనివారం మా పాపతో కలిసి సియాటిల్ దగ్గర ఇసాక్వా పక్కన టైగర్ మౌంటెన్ మీద మూడు డబ్బాలు వెతుకుదామని వెళ్లాం. ఒక్కటే దొరికింది. రెండోదాని దగ్గర ఫోన్లో బాణం ఒకసారి ఎడమకు చూపిస్తుంది, ఒకసారి వెనక్కి తిరగమంటుంది, 4 మీటర్లు అంటుంది, రెండడుగులు వేసేసరికి 19 అంటుంది. పైన చూస్తే డగ్లస్ ఫర్ చెట్లే, ఆకాశం ముక్క కూడా కనపడదు. దానికి తోడు సన్నగా వాన. తడి స్క్రీన్ మీద ఒకటి నొక్కితే ఇంకోటి తెరుచుకుంటుంది. పొద్దున 90 శాతం ఉన్న ఛార్జింగ్ మధ్యాహ్నానికి 11కి వచ్చింది. దిగేటప్పుడు దారి చూసుకోవడానికైనా ఫోన్ ఉండాలి కదా అని మూడోది వదిలేసి వచ్చేశాం. తొమ్మిదేళ్ల పిల్ల, ఇంటిదాకా కారులో ఒక్క మాట మాట్లాడలేదు. దానికి ఇదంటే ప్రాణం. డబ్బాలో పెట్టడానికని గోళీలు, రబ్బరు బొమ్మలు ముందురోజు రాత్రే సంచిలో సర్దుకుంటుంది.

అందుకే చేతిలో పట్టుకునే జీపీఎస్ ఒకటి కొందామని. 200 డాలర్ల లోపు, మరీ బాగుంటే ఇంకో యాభై. చూసి పెట్టుకున్నవి మూడు: కొత్త ఈట్రెక్స్ ఎస్‌ఈ, కొత్త ఈట్రెక్స్ 22ఎక్స్, ఇక్కడే ఒకాయన అమ్ముతున్న పాత జీపీఎస్‌మ్యాప్ 64ఎస్, 120 చెప్తున్నాడు. మూడూ గార్మిన్‌వే. చెట్ల కింద ఇవి ఫోన్ కంటే నిజంగా మెరుగా? లోపల దిక్సూచి ఉండి తీరాలా? పిల్ల చేతికి ఇస్తే తట్టుకుంటుందా? వాడినవాళ్లు చెప్పండి. అమ్మేవాళ్ల రాతలు ఎన్ని చదివినా ఏదీ తేలట్లేదు.

రెండువేల_డబ్బాలు
కొనకు బ్రో. నేను ఇప్పటికి 2,140 డబ్బాలు తీశాను, అన్నీ ఫోన్‌తోనే. ఒక మంచి పవర్ బ్యాంక్, ఒక వాటర్‌ప్రూఫ్ కవర్ కొనుక్కో, మిగిలిన డబ్బుతో పాపకి బూట్లు కొను. ముందు ఒకటి చెప్పు, ఏ యాప్ వాడావు? కారులో దారి చూపించే మ్యాప్ యాప్ అయితే అది నిన్ను తీసుకెళ్లి పక్కనున్న రోడ్డుకి అతికించేస్తుంది, నువ్వు అడవిలో ఉన్నా సరే.

సమ్మామిష్_నాన్న
జియోక్యాషింగ్ వాళ్ల సొంత యాప్ అన్నా. మ్యాప్ యాప్ కాదు.

అడవిమల్లె
2,140 నిజంగా గొప్ప సంఖ్యే, కానీ మీరుండేది డాలస్. అక్కడ సగం డబ్బాలు షాపుల పార్కింగ్‌లో లైటు స్తంభం కింది ఇనప మూత ఎత్తితే దొరికేవి. నేను పోర్ట్‌లాండ్‌లో ఉంటాను, ఈయన సియాటిల్ పక్కన. మా చెట్లు వేరే.

తడిసిన ఆకులు, లావు మొదళ్లు ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్‌ని బాగా మింగేస్తాయి. అసలే అది 20 వేల కిలోమీటర్ల పై నుంచి వస్తుంది, ఇక్కడికి చేరేసరికే చాలా బలహీనం. మిగిలిందాంట్లో కొంత కొండకో బండకో తగిలి ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యాన్ని పరికరం దూరం కింద లెక్కేసుకుని నిన్ను పక్కకి జరిపేస్తుంది. 4 మీటర్లు, 19 మీటర్లు అని గెంతడం అందుకే. ఫోన్లో యాంటెన్నా చాలా చిన్నది, దాని చుట్టూ ఇంకా పది రకాల యాంటెన్నాలు ఇరుక్కుని ఉంటాయి, పైగా మన చెయ్యి దాన్ని కప్పేస్తుంది. 64ఎస్ నెత్తిన బొటనవేలంత పొడుచుకొచ్చింది చూశారా, అది మెలి తిరిగిన యాంటెన్నా, దాన్ని నిలువుగా పట్టుకోవాలి. ఈట్రెక్స్‌లో పలక లాంటిది ఉంటుంది, దాన్ని అరచేతిలో పడుకోబెట్టి ముఖం ఆకాశానికి పెట్టాలి. చాలామంది రెండిటినీ ఒకేలా పట్టుకుని నడుస్తారు, తర్వాత పనికిమాలింది అంటారు.

నేను ఎనిమిదేళ్లుగా 64ఎస్ వాడుతున్నాను. వానలో బటన్లు నొక్కచ్చు, చేతికి గ్లవ్స్ ఉన్నా నొక్కచ్చు, రాయి మీద పడ్డా తీసి తుడుచుకుని నడవచ్చు. నా ఓటు దానికే.

డాలస్_ఎండ
స్తంభాల కింద అని అంత తేలిగ్గా తీసెయ్యకండి అక్కా. జూలైలో 42 డిగ్రీల ఎండలో ఆ ఇనప మూత ఒట్టి చేత్తో ఎత్తి చూడండి, కింద ఎర్రచీమల పుట్ట కూడా ఉంటుంది. మాకూ కష్టాలున్నాయి.

అడవిమల్లె
@డాలస్_ఎండ సరే, ఒప్పుకున్నాను. మీకు చీమలు, మాకు వాన.

జెర్సీ_బాబాయ్
మా ఇంట్లో ఈ ఆట మొదలైనప్పుడు మా అత్తగారు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, ‘అల్లుడు అడవిలో క్యాష్ వెతుకుతున్నాడటగా, ఎంత దొరికిందమ్మా’ అని మా ఆవిడని అడిగారు. రెండేళ్లు పట్టింది ఆ క్యాష్ వేరు, దాచిన డబ్బా అనే ఈ క్యాష్ వేరు అని నమ్మడానికి.

ఇక అసలు సంగతి. నా దగ్గర ఈట్రెక్స్ 22ఎక్స్ ఉంది, మూడేళ్లయింది. తేలిక, బ్యాటరీలతో కలిపి 142 గ్రాములు. 64ఎస్ 260 గ్రాములు, పిల్లల మెడలో వేస్తే బరువే. 22ఎక్స్‌లో మ్యాప్ ముందే ఎక్కించి వస్తుంది, మెమరీ 8 జీబీ, మైక్రో ఎస్‌డీ కార్డు కూడా పడుతుంది. డబ్బాల ఫైళ్లు కంప్యూటర్ నుంచి కేబుల్‌తో ఎక్కించుకుంటే వివరం, సూచన, ముందు వెతికినవాళ్లు రాసినవి అన్నీ దాని తెర మీదే చదువుకోవచ్చు. ఫోన్ కారులోనే వదిలేసి వెళ్తాను. ఆ ప్రశాంతత కోసమే కొన్నాను, నిజం చెప్పాలంటే.

రెండువేల_డబ్బాలు
బాబాయ్, 22ఎక్స్‌లో దిక్సూచి లేదు. అది చెప్పలేదు మీరు. నిలబడితే బాణం చచ్చుబడిపోతుంది, నడుస్తుంటేనే ఎటు పోతున్నామో లెక్కగట్టి తిప్పుతుంది. డబ్బా దగ్గరికొచ్చాక అందరూ చేసేది నిలబడి చుట్టూ తిరగడమే కదా, అప్పుడు బాణం ఎటో చూపిస్తుంటే తొమ్మిదేళ్ల పిల్లకి ఏడుపు రాదా?

ఇంకోటి. ఫోన్లు పాత ఫోన్లు కావు. ఇప్పుడు మంచి ఫోన్లు రెండు ఫ్రీక్వెన్సీల మీద వింటాయి, ఎల్1, ఎల్5 రెండూ. ఐఫోన్‌లో 14 ప్రో నుంచి ఉంది, ఆండ్రాయిడ్‌లో అంతకు చాలా ముందు నుంచే కొన్నిటికి ఉంది. తగిలి ఆలస్యంగా వచ్చే సిగ్నల్‌ని పసిగట్టడంలో ఎల్5 చాలా మెరుగు. 22ఎక్స్, 64ఎస్ రెండూ ఎల్1 మాత్రమే. అంటే 2014లో వచ్చిన పరికరాన్ని 120 పెట్టి కొని, జేబులో ఉన్నదానికంటే పాత టెక్నాలజీతో అడవికి వెళ్లమంటున్నారు మీరంతా.

జెర్సీ_బాబాయ్
దిక్సూచి లేదన్న మాట నిజమే, చెప్పాల్సింది. అది కావాలంటే 32ఎక్స్, కానీ వంద డాలర్లు ఎక్కువ. నాకు అలవాటైపోయి గుర్తే రాలేదు. పది అడుగులు నడిస్తే బాణం సర్దుకుంటుంది.

అడవిమల్లె
@రెండువేల_డబ్బాలు ఎల్5 సంగతి మీరు చెప్పింది కరెక్టే, వాదించను. అంత కావాలంటే 65ఎస్ ఉంది, అదీ రెండు ఫ్రీక్వెన్సీలే, కానీ ధర ఈయన చెప్పిన లెక్క దాటిపోతుంది. కానీ ఈయన ఫోన్‌తో పడ్డ బాధల్లో సగం సిగ్నల్‌వి కావు. తడి స్క్రీన్, ఛార్జింగ్, పిల్ల చేతికి వెయ్యి డాలర్ల ఫోన్ ఇవ్వాలంటే టెన్షన్. వీటికి ఎల్5 ఏం చేస్తుంది?

పెన్సిల్‌సెల్లు
బ్యాటరీల సంగతి నేను చెప్తాను. ఈ మూడూ పెన్సిల్ సెల్స్ రెండేసి వేసుకునేవే, అదే వీటి అసలు బలం. సెల్స్ అయిపోతే దారిలో ఏ పెట్రోల్ బంకులోనైనా దొరుకుతాయి. కంపెనీ లెక్క ప్రకారం 64ఎస్ 16 గంటలు, 22ఎక్స్ 25 గంటలు, ఎస్‌ఈ 168 గంటలు. ఎస్‌ఈది బ్లాక్ అండ్ వైట్ తెర కాబట్టి అన్ని గంటలు. అసలులో కొంచెం తక్కువ వస్తాయి, లైటు ఎక్కువ పెడితే ఇంకా తక్కువ.

రీఛార్జబుల్ ఎన్‌ఐఎమ్‌హెచ్ సెల్స్ కొనండి, నెలలు పక్కన పెట్టినా ఛార్జి కారిపోని రకం. కొన్నాక సెట్టింగ్స్‌లో బ్యాటరీ రకం ఎన్‌ఐఎమ్‌హెచ్ అని మార్చాలి. మామూలు ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, ఇది 1.2. మార్చకపోతే నిండా ఛార్జి ఉన్నా సగమే ఉందని చూపిస్తుంది, మనం నిక్షేపంలాంటి సెల్స్ తీసి పక్కన పడేస్తాం. మంచులోకి వెళ్తే మాత్రం లిథియం సెల్స్, ఆల్కలైన్ చలికి చేతులెత్తేస్తుంది. వాడకం లేని నెలల్లో సెల్స్ తీసి పెట్టండి, లోపల కారిందంటే పరికరం పోయినట్టే.

పాతకొలతలు
సర్వే పనిలో 31 ఏళ్లు చేసి రిటైరై ఇప్పుడు అబ్బాయి దగ్గర ఒహాయోలో ఉంటున్నాను. మనవడితో ఈ ఆట మొదలుపెట్టాను. మీ అందరి వాదనా చదివాను. రెండు మూడు విషయాలు ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

మొదటిది, తప్పు మీ పరికరానిదొక్కటే కాదు. డబ్బా దాచినవాడు కూడా ఏదో ఒక పరికరంతోనే అంకెలు తీసుకున్నాడు. అదే చెట్ల కింద. వాడిది ఒక ఆరు మీటర్లు తప్పు, మీది ఒక ఆరు మీటర్లు తప్పు, రెండూ ఎదురుదిక్కులైతే పన్నెండు. మీరు పది వేల డాలర్ల సర్వే పరికరం పట్టుకెళ్లినా దాచినవాడి ఆరు మీటర్లు అలాగే ఉంటాయి. కాబట్టి ‘సున్నా మీటర్లు చూపించేదాకా’ తిరగడం దండగ. అసలు ఆ అంకెల్లో చివరి స్థానం, నిమిషంలో వెయ్యో వంతు, ఉత్తర దక్షిణాలకి 1.85 మీటర్లు. తూర్పు పడమరలకి సియాటిల్ దగ్గర 1.25, హైదరాబాద్ దగ్గర 1.77. రాసిన అంకెకే అంత వెడల్పు ఉంది.

రెండోది, పాతది కొంటున్నారు కాబట్టి చెప్తున్నాను బాబూ. అమ్మినవాడు దానిలో ఏం సెట్టింగ్ పెట్టి వదిలాడో చూసుకో. డేటమ్ అని ఒకటి ఉంటుంది, భూమి ఆకారాన్ని ఏ లెక్కతో కొలుస్తున్నామో అది. జియోక్యాషింగ్‌కి డబ్ల్యూజీఎస్ 84 ఉండాలి. అమెరికాలో పాత కాగితం మ్యాపులు వాడే వేటగాళ్లు ఎన్‌ఏడీ 27 పెట్టుకుంటారు, అది పెట్టి ఉంటే మీ వైపు దాదాపు వంద మీటర్లు పక్కకి పోతావు. మన దేశంలో పాత టోపోషీట్లు, అంటే సర్వే మ్యాపులు, ఎవరెస్ట్ అనే లెక్క మీద గీసినవి, 1830 నాటిది. మా కుర్రాళ్లు టోపోషీటు మీద అంకె చూసి అలాగే జీపీఎస్‌లో కొట్టి చెరువు మధ్యలో నిలబడాల్సిన రాయి కోసం గట్టు మీద వెతికేవాళ్లు.

మూడోది, అంకెలు రాసే తీరు. ఈ ఆటలో డిగ్రీలు, నిమిషాలు, ఆ నిమిషాల్లో దశాంశం. 38.450 అంటే 38 నిమిషాల 27 సెకన్లు, 38 నిమిషాల 45 సెకన్లు కాదు. అలా చదివితే అర కిలోమీటరు పైనే తేడా.

డాలస్_ఎండ
ఈ మూడోది మా తమ్ముడు చేశాడు. రెండు గంటలు ఒకరి పొలం కంచె బయట నిలబడ్డాం.

సమ్మామిష్_నాన్న
పాతకొలతలు గారూ, చాలా థాంక్స్ అండీ. ఇవన్నీ ఎక్కడా రాయరు. మరి చివరి పది మీటర్లు ఎలా వెతకాలి? మీరు ఏం చేస్తారు?

పాతకొలతలు
డబ్బా ఇరవై మీటర్లుందని చూపించగానే ఆగిపోతాను. పరికరాన్ని ఒకచోట కదలకుండా రెండు నిమిషాలు ఉంచితే అంకె కుదుటపడుతుంది. అప్పుడు బాణం ఎటు చూపిస్తుందో ఆ వైపు ఒక చెట్టునో రాయినో గుర్తు పెట్టుకుంటాను. తర్వాత చుట్టూ తిరిగి ఇంకో వైపు నుంచి, కుదిరితే మూడో వైపు నుంచి కూడా అలాగే. మూడు గీతలు కలిసే దగ్గర మొదలుపెట్టి బయటికి వెతకడం. అప్పటికి పరికరం జేబులో. ఇక కళ్లతో పని. మనుషులు డబ్బా దాచాక దాన్ని కప్పడానికి రాళ్లు పేరుస్తారు, బెరడు ముక్కలు అడ్డం పెడతారు. అడవి అలా తిన్నగా పేర్చుకోదు. మా మనవడు నా కంటే ముందే పట్టేస్తాడు, వాడి కళ్లు నేలకి దగ్గరగా ఉంటాయి.

విధానం ఏమీ కొత్తది కాదు, త్రిభుజాల సర్వేనే. మద్రాసు దగ్గర 1802లో లాంబ్టన్ అనే సర్వే అధికారి మొదలుపెట్టిన పని కూడా ఇదే సూత్రం మీద.

అడవిమల్లె
మూడు వైపుల నుంచి చూడడం! ఇన్నేళ్లూ నేను తేనెటీగలా చుట్టూ తిరగడమే. ఈ వారం చేసి చూస్తాను.

విశాఖ_కెరటం
మే 2000 కి ముందు పౌరుల కోసం వచ్చే సిగ్నల్‌ని అమెరికా వాళ్లు కావాలనే చెడగొట్టేవాళ్లు కదా, అది ఆపేసిన మర్నాడే ఆరెగాన్‌లో ఒకాయన ఈ ఆటలో మొట్టమొదటి డబ్బాగా నల్ల బకెట్ దాచాడని చదివాను. ఇప్పుడు ఆ చోటికి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

అడవిమల్లె
నేను వెళ్లాను, బీవర్‌క్రీక్ దగ్గర. మా ఇంటి నుంచి దూరం కాదు. మే 2 న ఆ చెడగొట్టడం ఆపారు, మే 3 న ఆయన బకెట్ పెట్టాడు. అందులో పెట్టిన వస్తువుల్లో ఒక చిక్కుడు గింజల డబ్బా కూడా ఉంది. ఇప్పుడక్కడ జ్ఞాపకంగా ఒక ఫలకం ఉంది. రోడ్డు పక్కనే, పెద్దగా నడక లేదు. కానీ నాకు అక్కడ నిలబడితే ఒళ్లు పులకరించింది, ఎందుకో మాటల్లో చెప్పలేను. @సమ్మామిష్_నాన్న మీ పాపని తప్పకుండా తీసుకెళ్లండి. జియోక్యాషింగ్ హెడ్‌క్వార్టర్స్ అయితే మీ సియాటిల్‌లోనే, ఫ్రీమాంట్‌లో ఉంది.

పాతకొలతలు
ఆ రోజులు నాకు బాగా గుర్తు. ఒక్క పరికరంతో కొలిస్తే వంద మీటర్ల దాకా గెంతేది. రెండు పరికరాలు పెట్టి, ఒకటి తెలిసిన రాయి మీద ఉంచి, తేడా తీసేసి లెక్కగట్టేవాళ్లం. ఒక రాత్రిలో మారిపోయింది.

సమ్మామిష్_నాన్న
ఇంకో సందేహం. షాపులో గార్మిన్‌దే 67ఐ అని ఇంకో పరికరం చూశాను. అత్యవసరమైతే ఉపగ్రహం ద్వారా సాయం అడగచ్చట. బడ్జెట్‌కి చాలా పైనే, కానీ పిల్లతో కొండలకి వెళ్తాను కదా అని మనసు లాగుతోంది. డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నాం, అరకు కూడా పోదామని. అక్కడా పనికొస్తుంది కదా?

విశాఖ_కెరటం
వద్దు వద్దు. 67ఐ ఇండియాకి తేవద్దు. అది ఉపగ్రహానికి మెసేజ్ పంపే పరికరం. శాటిలైట్ ఫోన్లు, ఇలాంటి మెసేజ్ పరికరాలు టెలికాం శాఖ అనుమతి లేకుండా ఇక్కడ పెట్టుకోవడం నేరం. ఎయిర్‌పోర్టులో స్కానింగ్‌లో బయటపడి విదేశీయుల్ని పోలీసులకు అప్పగించిన సంగతులు పేపర్లో వచ్చాయి. వాళ్లు ట్రెక్కింగ్‌కి తెచ్చుకున్నవాళ్లే, తెలియక. తెలియదంటే వదలరు. 64ఎస్, 22ఎక్స్ లాంటివి వేరు, అవి ఉపగ్రహం చెప్పేది వింటాయి, తిరిగి ఏమీ పంపవు. అడిగితే ఆ తేడా రెండు మాటల్లో చెప్పగలిగేలా ఉండండి.

ఇంకా, విశాఖలో నేవీ ప్రాంతాల చుట్టుపక్కల దీన్ని చేత్తో పట్టుకుని తిరగకండి. బొర్రా గుహల్లోకి వెళ్తే ఏ జీపీఎస్ పనిచెయ్యదు, ముందే చెప్తున్నాను, పాప అడుగుతుంది.

జెర్సీ_బాబాయ్
మన దగ్గర డబ్బాలు ఉన్నాయా అసలు? హైదరాబాద్‌లో పోయినసారి చూస్తే చాలా తక్కువ కనిపించాయి.

విశాఖ_కెరటం
తక్కువే. ఆట తెలిసినవాళ్లు తక్కువ, అది ఒక కారణం. రెండోది, పార్కులో చెట్టు మొదట్లో మూత బిగించిన డబ్బా కనపడితే ఇక్కడ జనం ఏమనుకుంటారు? 2007లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013లో దిల్‌సుఖ్‌నగర్ చూసిన ఊరు హైదరాబాద్. ఎవరో ఆడుకుంటున్నారులే అనుకోరు, పోలీసులకి ఫోన్ చేస్తారు, చెయ్యాలి కూడా. నేను ఒకసారి ఊరి బయట ఒక పాత గోడ పగుల్లో చిన్న సీసా పెట్టాను, వారానికి లేదు. అక్కడ మేకలు కాసే ముసలాయన్ని అడిగితే ‘అదా, పిల్లలు ఆడుకుంటా పట్టుకుపోయినారు బాబూ’ అన్నాడు. లోపల పెట్టిన కాగితం మీద ఆటేమిటో తెలుగులో రాసి ఉంటే బాగుండేది. ఇప్పుడు ఎవరైనా పెడితే నా మాట, తెలుగులో ఒక పేజీ రాసి లోపల పెట్టండి, డబ్బా పారదర్శకంగా ఉండాలి, స్థలం యజమానికి ముందే చెప్పండి.

డబ్బా లేని రకం కూడా ఉంది, ఎర్త్‌క్యాష్ అంటారు. వెళ్లి నేలని, రాళ్లని చూసి ప్రశ్నలకి జవాబులు పంపాలి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల లాంటి చోట్లకి అదే సరైనది, అక్కడ తవ్వడం, పెట్టడం అస్సలు కూడదు. మన జిల్లాల్లో ఇలాంటివి ఎన్ని రాయచ్చో, ఎవరూ రాయట్లేదని నాకు బాధ.

పాతకొలతలు
గండికోట, బెలుం గుహలు, తిరుమల దగ్గర శిలాతోరణం. మీరు రాస్తానంటే భూగర్భం సంగతి నేను చూసిపెడతాను.

విశాఖ_కెరటం
నిజంగానా అండీ? వేరే థ్రెడ్ మొదలుపెడతాను, అక్కడ మాట్లాడుకుందాం.

పెన్సిల్‌సెల్లు
అసలు ప్రశ్నకి వద్దాం. ఎస్‌ఈ గురించి ఎవరూ ఏమీ అనలేదు. నేను రెండు నెలలు వాడాను, మా చెల్లెలిది. బ్యాటరీ అద్భుతం, దిక్సూచి ఉంది, ఎండలో తెర చక్కగా కనిపిస్తుంది. కానీ మ్యాప్ లేదు, ఎక్కించుకోవడమూ కుదరదు. డబ్బాల వివరాలు ఫోన్లోని యాప్ నుంచి బ్లూటూత్‌తో దింపుకోవాలి. ఫోన్‌కి దూరంగా ఉందామని కొనేవాళ్లకి అది కుదరదు. ఒంటరిగా రోజుల తరబడి నడిచేవాళ్లకి ఎస్‌ఈ, పిల్లతో శనివారాలు వెతికేవాళ్లకి మ్యాప్ ఉన్నది. నదికి ఇటు ఉన్నామా అటు ఉన్నామా అని మ్యాప్ లేకుండా ఎలా తెలుస్తుంది? డబ్బా 30 మీటర్లే అంటుంది, మధ్యలో వాగు ఉంటుంది.

రెండువేల_డబ్బాలు
ఈ పాయింట్ ఒప్పుకుంటాను. బాణం ఒక్కటే ఉన్నది నేనైతే ఎవరికీ చెప్పను.

సమ్మామిష్_నాన్న
అయితే 67ఐ వదిలేశాను, ఎస్‌ఈ వదిలేశాను. 22ఎక్స్ తేలిక కానీ దిక్సూచి లేదు. ఆదివారం ఆ 64ఎస్ చూడ్డానికి వెళ్తున్నాను. వెళ్లినప్పుడు ఏమేం చూసుకోవాలి?

అడవిమల్లె
బ్యాటరీ మూత తీసి లోపల తీగల మీద పచ్చటి చిలుము ఉందేమో చూడండి. ప్రతి బటనూ నొక్కండి. తెర మీద గీతల కంటే అంచుల్లో చెమ్మ ఉందా అన్నది ముఖ్యం. కేబుల్ పెట్టే చోటి రబ్బరు మూత చిరగకుండా ఉండాలి, నీళ్లు పోయేది అక్కడే. కేబుల్ అడిగి తీసుకోండి, అది పాత మినీ యూఎస్‌బీ, ఇప్పటి ఫోన్ ఛార్జర్ పట్టదు. 64ఎస్‌లో మ్యాప్ పేరుకే ఉంటుంది, కాలిబాటలు కనపడవు. జనం కలిసి గీసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి గార్మిన్ కోసం తయారుచేసినవి ఉచితంగా దొరుకుతాయి, మైక్రో ఎస్‌డీ కార్డు మీద వేసుకుంటే చాలు.

పాతకొలతలు
బయట ఆరుబయట ఆన్ చేయించు. తేదీ సరిగ్గా చూపిస్తుందా చూడు. జీపీఎస్ వారాల లెక్క 1024 వారాలకోసారి సున్నాకి వస్తుంది, 2019 ఏప్రిల్‌లో వచ్చింది, సాఫ్ట్‌వేర్ మార్చని పాతవి కొన్ని అప్పుడు తేదీ తప్పాయి. ఎక్కువకాలం పక్కన పడేసినదైతే మొదటిసారి చోటు దొరకడానికి టైమ్ పడుతుంది, ఉపగ్రహాల పూర్తి జాబితా దిగడానికే 12 నిమిషాల 30 సెకన్లు. రెండు నిమిషాలు చూసి పాడైందని తిప్పి ఇచ్చెయ్యకు.

జెర్సీ_బాబాయ్
కొన్నాక దిక్సూచిని సరిచేసుకోవాలి, సెల్స్ మార్చిన ప్రతిసారీ. తెర మీద చెప్పినట్టు మూడు వైపులా తిప్పితే అయిపోతుంది. కారులో చెయ్యకండి, చుట్టూ ఇనుమే.

సమ్మామిష్_నాన్న
(తొమ్మిది రోజుల తర్వాత)
కొన్నాను. డేటమ్ డబ్ల్యూజీఎస్ 84 లోనే ఉంది, తేదీ కరెక్ట్. కానీ అడవిమల్లె గారు చెప్పినట్టే తీగ మీద చిలుము, ఆయనకి చూపిస్తే 120 కాస్తా 95 అయింది. ఇంటికొచ్చి దూది పుల్లకి కొంచెం వెనిగర్ అద్ది తుడిచి, ఆరబెట్టాను. బ్యాటరీ రకం ఆల్కలైన్ అని ఉంటే మార్చాను. మొదటిసారి పెరట్లో పెడితే చోటు దొరకడానికి పావుగంట పట్టింది, పాతకొలతలు గారి మాట చదివి ఉండకపోతే పాడైందనే అనుకునేవాణ్ణి.

నిన్న మళ్లీ టైగర్ మౌంటెన్. అదే రెండో డబ్బా. అంకెలు ఈసారి కూడా గెంతాయి, అది దాచను, కానీ 4 నుంచి 19 కాదు, 6 నుంచి 11 మధ్యలో. మూడు వైపుల నుంచి చూశాం. ఒక్కో వైపు పాప ఒక్కో చెట్టుకి పేరు పెట్టింది, మొదటిది తాతయ్య చెట్టు. మూడు గీతలు కలిసిన చోట ఏమీ లేదు. అక్కడి నుంచి బయటికి వెతుకుతుంటే ఏడు మీటర్ల అవతల పడిపోయిన మాను కింద బెరడు ముక్కలు అడ్డంగా పేర్చి ఉన్నాయి. ‘నాన్నా, అడవి ఇలా పేర్చుకోదు’ అంది. మీరు రాసింది రాత్రి దానికి చదివి వినిపించాను లెండి. డబ్బాలో ఉండే లాగ్ పుస్తకంలో, దొరికినవాళ్లు పేరు రాసేదాంట్లో, తన పేరు తెలుగులో రాసింది. వాన పడుతూనే ఉంది, ఫోన్ సంచిలోంచి తియ్యలేదు.

పాతకొలతలు
తాతయ్య చెట్టు! ఆ పాపకి నా ఆశీస్సులు చెప్పు బాబూ. పొద్దున్నే మా మనవడికి చదివి వినిపించాను, వాడు ఒహాయో చెట్లకి పేర్లు పెట్టడానికి బయల్దేరాడు.

రెండువేల_డబ్బాలు
95కి 64ఎస్ మంచి బేరమే. నా ఫోన్ నేను వదలను గానీ, ఆ మూడు గీతల పద్ధతి ఫోన్‌తో నిన్న చేశాను. పనిచేసింది. 2,141.

డాలస్_ఎండ
మినీ యూఎస్‌బీ కేబుల్ ఆయన ఇచ్చాడా? నాది తెగిపోయింది, ఎక్కడా సరైనది దొరకట్లేదు.

సమ్మామిష్_నాన్న
ఇవ్వలేదు. మా ఇంట్లో పాత కెమెరా డబ్బాలో ఒకటి దొరికింది. కొనేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి, కొన్ని కేబుళ్లు ఛార్జింగ్‌కి మాత్రమే, ఫైళ్లు ఎక్కవు. డేటా కేబుల్ అని రాసి ఉన్నదే తీసుకోండి. మూడో డబ్బా ఈ శనివారం.